జీవితంలో ఒక్కసారైనా వెతుక్కుని వెళ్లి చూడవలసినవి ఏవి? గోదావరి ఒడ్డు నుంచి నా సమాధానం

మిగతా పాఠకులకు కూడా తెలియడం కోసం మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీది అమలాపురం దగ్గర ఊరు, ఉద్యోగం బెంగళూరులో. ఏడాదికి పదిహేను రోజులకు మించి సెలవు దొరకదు, విదేశాలు చుట్టివచ్చేంత డబ్బు ఇప్పట్లో లేదు. అయినా మనిషిని లోపలి నుంచి మార్చే దృశ్యాలు, అనుభవాలు కొన్నైనా ఈ జీవితంలో చూడాలని ఉందని, అవి ఏవో, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగారు. మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారిని వాటిలో వేటికి తీసుకువెళ్లవచ్చని కూడా అడిగారు.

సూటిగా చెబుతాను. మొదట గోదావరిని పుట్టిన చోటి నుంచి సముద్రంలో కలిసే చోటి దాకా చూడండి. ఆ తర్వాత వీలు చిక్కిన కొద్దీ గట్టు అంచు దాకా వచ్చిన వరద, సముద్రపు తాబేలు గుడ్లు పెట్టే రాత్రి, ఒక సంపూర్ణ సూర్యగ్రహణం, కనుమనాడు కోనసీమలో జరిగే ప్రభల తీర్థం చూడండి. వీటిలో సగానికి పైగా మీ ఊరి నుంచి ఒక్క పూట ప్రయాణంలోనే ఉన్నాయి.

ఈ మాట ఏ ఆధారంతో చెబుతున్నానో కూడా చెప్పాలి. నేను గోదావరి డెల్టాలో నీటిపారుదల శాఖ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగజీవితమంతా కాలువ గట్ల మీద, లాకుల దగ్గర, ధవళేశ్వరం ఆనకట్ట మీద గడిచింది. చుట్టపుచూపుగా వచ్చిన బంధువులను, శిక్షణకు వచ్చిన కుర్ర ఇంజనీర్లను, సెలవులకు దిగిన పిల్లలను వెంటబెట్టుకుని తిప్పి చూపించే పని తరచుగా నా మీద పడేది. ఎవరు దేని ముందు మాట మరచి నిలబడిపోయారో, ఎవరు ఐదు నిమిషాల్లో ఫోటో తీసుకుని ఇక వెళ్దామన్నారో అలా గమనిస్తూ వచ్చాను. నాకు ఏర్పడిన అభిప్రాయం ఏమిటంటే, అందం ఒక్కటే మనిషిని మార్చదు. మన ప్రమేయం ఏమీ లేని ఒక పెద్ద పని మొదలై, సాగి, ముగిసేదాకా దాని పక్కనే ఉండి చూసినప్పుడు మాత్రం మనలో ఏదో సర్దుకుంటుంది. పాపికొండల అందాన్ని కాదనేవారు ఉండరు. కానీ బోటులో పెద్దగా పాటలు పెట్టుకుని, భోజనం చేసి, సాయంత్రానికి తిరిగివచ్చినవారిలో ఆ అందం వారం రోజులైనా నిలవడం నేను చూడలేదు. అదే నీటిని గోదావరి పుట్టే త్ర్యంబకం నుంచి వెంటాడుతూ వచ్చిన మనిషికి ఆ కొండలు వేరేగా కనిపిస్తాయి, ఎందుకంటే ఆ ఇరుకులోకి ఎన్ని నదులు కలిసి వచ్చాయో అతనికి అప్పటికే తెలుసు.

గోదావరి పొడవు సుమారు 1,465 కిలోమీటర్లు. నాసిక్‌కు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో, త్ర్యంబకేశ్వరం పక్కనున్న బ్రహ్మగిరి మీద అది పుడుతుంది. అక్కడి నుంచి అరేబియా సముద్రం దాదాపు 80 కిలోమీటర్లే. కానీ ఆ నీరు పడమటి కనుమల శిఖరరేఖకు తూర్పు వైపున పడింది కనుక, దగ్గరున్న సముద్రాన్ని వదిలి, దక్కన్ పీఠభూమిని అడ్డంగా దాటి, మన బంగాళాఖాతానికి వస్తుంది. వానలు వెనుకబట్టాక, అక్టోబరు, నవంబరు నెలల్లో వెళ్లండి. కొండకు రాతిమెట్లు ఉన్నాయి. మెట్ల వెంట నల్లటి రాయి తడిసి మెరుస్తూ ఉంటుంది, కోతులు సంచుల మీద కన్నేసి కూర్చుంటాయి. పైన నేను చూసిన ధార చిటికెన వేలంత. దాని కింద దోసిలి పట్టాను, నిండటానికి కాసేపు పట్టింది. అదే నది 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సెకనుకు 35 లక్షల ఘనపుటడుగులకు పైగా నీటిని సముద్రానికి తోసింది. ఆ లెక్కను ఉద్యోగంలో ఎన్నోసార్లు కాగితం మీద రాసిన నాకు, దాని బరువు ఆ దోసిలి పట్టిన రోజునే తెలిసింది.

అక్కడి నుంచి కిందికి రండి. నాసిక్‌లో రామకుండం, పైఠణ్ దగ్గర జాయక్‌వాడి జలాశయం, నాందేడ్, బాసర, ధర్మపురి చూసుకుంటూ వస్తే, ఆ దారంతా ఇది వానాకాలపు నది అని, వేసవిలో ఇసుక మేటల మధ్య పాయగా మిగిలిపోతుందని కనిపిస్తుంది. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలిసే చోట తప్పక ఒక పూట ఆగండి. వార్ధా, వైన్‌గంగా, పెన్‌గంగా నదుల నీళ్లన్నీ మోసుకొచ్చే ఈ ప్రాణహితే గోదావరికి అతి పెద్ద ఉపనది. దాని కిందుగా ఇంద్రావతి, కూనవరం దగ్గర శబరి వచ్చి చేరతాయి. అప్పుడు పాపికొండల ఇరుకు, ఆ ఇరుకు దాటగానే రాజమహేంద్రవరం దగ్గర అవతలి ఒడ్డు మసకగా కనిపించేంత వెడల్పు. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలి, వసిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోయి, ఆ పాయల నడుమ మిగిలిన నేలే మీ కోనసీమ.

మీరు పుట్టిన ఊరి పొలంలో ఒక పిడికెడు మట్టి తీసుకుని చూడండి. అది ఆ ఊరిది కాదు. మహారాష్ట్రలోని నల్లరాళ్లు, బస్తర్ అడవుల ఎర్రనేల, ఆదిలాబాద్ కొండల చరియలు వరదలో అరిగి, కొట్టుకొచ్చి, వేల ఏళ్లుగా పొరమీద పొరగా పేరుకుంటే ఏర్పడిన నేల అది. ఈ సంగతి బడిలో అందరం చదువుకున్నదే. కానీ నది వెంట వచ్చి, ఒక్కో చోట నీటి రంగు మారడం కళ్లారా చూసి, చివరికి ఇంటికి చేరి చెప్పులు లేకుండా చేలో నిలబడినప్పుడు కలిగే ఎరుక చదువుతో రాదు. నా ఊరు, నా నేల అనే మాటలను ఆ తర్వాత నేను పూర్వంలాగా వాడలేకపోయాను.

దీనికి ఒక్కసారిగా నెల రోజుల సెలవు పెట్టనక్కరలేదు. నాలుగు ముక్కలుగా చేసుకోండి. ఒక ఏడాది త్ర్యంబకం నుంచి పైఠణ్ దాకా, మరో ఏడాది నాందేడ్ నుంచి కాళేశ్వరం దాకా, ఆపై భద్రాచలం, కూనవరం, పాపికొండలు, చివరన ధవళేశ్వరం నుంచి అంతర్వేది. రైళ్లు, ఆర్టీసీ బస్సులు, ఊళ్లలో సత్రాలు చాలు. వరుస తప్పించకండి, పై నుంచి కిందికే రండి. ఒక చిన్న పుస్తకం దగ్గర పెట్టుకుని, ప్రతి చోటా నది వెడల్పు, రంగు, ఒడ్డున ఏ పంట ఉందో రెండు వాక్యాలు రాసుకోండి. బోటు ఎక్కేటప్పుడు మాత్రం ప్రవాహం ఎలా ఉందో అడిగి, లైఫ్ జాకెట్ కట్టుకునే ఎక్కండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద ఉద్ధృతిలో బోటు మునిగిన సంగతి ఈ నది మీద తిరిగేవారు ఎవరూ మరిచిపోకూడదు.

ఇక వరద. దీనిని ఈ వరసలో చేర్చడానికి నేను చాలా ఆలోచించాను, ఎందుకంటే ఒకరి కష్టం మరొకరికి వేడుక కాకూడదు. అయినా చెబుతున్నాను. డెల్టాలో పుట్టి వరద చూడని మనిషికి, తాను ఏ నీటి దయ మీద బతుకుతున్నాడో సగమే తెలుసు.

1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. నేను అప్పటికి ఉద్యోగంలో కొత్త. ఏటిగట్టు మీద రాత్రి కాపలాకు వేసినవారిలో ఒకడిని. గట్టుకు ఒక పక్క నీళ్లు మా కాళ్ల ఎత్తున ఉన్నాయి, రెండో పక్క ఊరు మా కాళ్ల కింద ఎక్కడో లోతున ఉంది. వరద నీటి చప్పుడు అలల చప్పుడులా ఉండదు. ఆగకుండా, ఎక్కడా తెగకుండా నేలలోంచి వచ్చే ఒక గుర్రు. కొబ్బరిచెట్లు వేళ్లతో సహా కొట్టుకుపోయేవి, గడ్డిమేట్ల మీద పాములు ముడుచుకుని ఉండేవి. నాతో ఉన్న పెద్ద వయసు లస్కరు, అంటే కాలువలు, గట్లు కాపలా కాసే మనిషి, లాంతరు పట్టుకుని గట్టుకు ఊరి వైపు వాలు వెంట వంగి వంగి నడుస్తున్నాడు. ఎక్కడైనా ఊట కనిపిస్తే వేళ్లతో ఆ నీటిని ఎత్తి, లాంతరు వెలుగులో పెట్టి చూసేవాడు. “తేటగా వస్తే భయం లేదండి. రంగు తేలిందంటే మాత్రం లోపల మట్టి కదులుతున్నట్టేనండి” అన్నాడు. ఒక చోట బురదరంగు ఊట పొంగుతూ కనిపించింది. దాన్ని మూయడానికి ప్రయత్నించకూడదు, మూస్తే పక్కన మరో దారి వెతుక్కుంటుంది. చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా కట్ట వేసి, ఆ కట్టలో నీటిని నిలవనిచ్చారు. లోపలి నీటి బరువు పెరిగేకొద్దీ ఊట వేగం తగ్గి, తెల్లవారేసరికి నీరు తేటపడింది. నీటిని నీటితోనే ఆపిన ఆ పనిని చదువుకున్న ఇంజనీరునైన నేను, ఏ పట్టా లేని ఆ మనిషి పక్కన నిలబడి నేర్చుకున్నాను.

మీరు చూడవలసింది అంత పెద్ద వరదను కాదు, అది మళ్లీ రాకూడదనే కోరుకుందాం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరికకే సుమారు పది లక్షల క్యూసెక్కులు (సెకనుకు ఘనపుటడుగులు) సముద్రానికి వెళుతూ ఉంటాయి. ఆ దశలో రాజమహేంద్రవరంలో పోలీసులు అనుమతించిన చోటి నుంచి చూడండి, చాలు. ఆనకట్ట నాలుగు భాగాల్లో ఉన్న 175 గేట్లు పైకి లేచి, ఎర్రనీరు ఒకే వెడల్పున కదిలిపోతూ ఉంటుంది. ధవళేశ్వరంలోనే కాటన్ మ్యూజియం ఉంది. 1830ల కరవు, తుఫాన్ల తర్వాత ఈ ప్రాంతం ఎలా ఉండేదో, 1847 నుంచి 1852 వరకు మొదటి ఆనకట్టను ఎలా కట్టారో తెలుసుకుని అప్పుడు నీటిని చూడండి. వరద చూడటానికి లంక గ్రామాల్లోకి మాత్రం వెళ్లకండి. అక్కడి పడవలో ప్రతి చోటూ ఒక గర్భిణికో, ఒక వృద్ధుడికో, ఒక దూడకో కావాలి. వెళ్లాలనిపిస్తే నీరు తీశాక, ఇళ్లలో ఒండ్రు ఎత్తిపోయడానికి పార పట్టుకుని వెళ్లండి. చూడటం కంటే ఆ పని మిమ్మల్ని ఎక్కువ మారుస్తుంది.

తాబేళ్ల సంగతి. ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్లు జనవరి నుంచి మార్చి మధ్య మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఎస్.యానాం వైపు, అంతర్వేది వైపు, కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ మీద ఇవి ఎక్కే చోట్లు ఉన్నాయి. అటవీశాఖవారితో మాట్లాడి, వారి మనుషుల వెంటే వెళ్లాలి. చట్టప్రకారం ఇది పూర్తి రక్షణ ఉన్న జీవి, దాన్ని గాని గుడ్లను గాని తాకడం నేరం.

రాత్రి పొద్దుపోయాక ఇసుకలో కూర్చోవాలి. టార్చి వేయకూడదు, ఫోను తీయకూడదు, మాట్లాడకూడదు. అదృష్టం ఉంటే నురగ అంచున ఒక నల్లటి గుండ్రటి ఆకారం కదులుతుంది. అది ఆగుతుంది, చూస్తుంది, మళ్లీ కదులుతుంది. ఏ మాత్రం వెలుగు, అలికిడి ఉన్నా వెనక్కి వెళ్లిపోతుంది. అలల తడి అందని పొడి ఇసుక దాకా ఎక్కి, ముందు ఒంటికి సరిపడా చదును చేసుకుని, తర్వాత వెనుక రెక్కలతో గొయ్యి తవ్వుతుంది. నేను అన్నిటికంటే ఎక్కువ సేపు చూసింది ఆ తవ్వకాన్నే. ఒక రెక్క గరిటెలా వంగి ఇసుక ఎత్తి పక్కన పెడుతుంది, వెంటనే రెండో రెక్క లోపలికి వెళుతుంది. ఎత్తిన ఇసుక ఒక్క రేణువు కూడా గొయ్యిలోకి జారనివ్వదు. తల అటువైపు ఉంది, తాను చేస్తున్న పనిని అది ఒక్కసారి కూడా చూడదు. మూరెడు లోతు అయ్యాక నూరు గుడ్ల దాకా పెడుతుంది. కళ్ల నుంచి చిక్కటి నీరు కారుతూ ఉంటుంది. ఒంట్లోని ఉప్పును బయటికి పంపే గ్రంథుల నుంచి వచ్చే నీరది. ఆపై ఇసుక కప్పి, తన బరువునంతా అటూ ఇటూ వేసి, పొట్టతో దబదబా ఆ చోటును దిమ్మిస చేసి, సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఆ పిల్లలను అది ఎన్నడూ చూడదు. నలభై ఐదు నుంచి అరవై రోజులకు పిల్లలు వాటంతట అవే బయటికి వస్తాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు పుడతాయి.

మా బంధువుల అమ్మాయి ఒకతె కాన్పు తర్వాత ఎంతో కుంగిపోయి ఉన్న రోజుల్లో ఇది చూసింది. ఆ రాత్రి ఏమీ మాట్లాడలేదు. చాలా కాలం తర్వాత, “పెదనాన్నా, అది ఎవరి మెప్పూ లేకుండా తన పని చేసుకుపోయింది చూశావా” అంది. దానికి నేను అర్థాలు కల్పించలేను, ఆమెకు ఏది కావాలో అది దొరికింది. ఆమెకు వైద్యం కూడా అదే సమయంలో జరిగింది. దృశ్యాలు వైద్యానికి బదులు కావని ఇక్కడే స్పష్టంగా చెప్పాలి. కుంగుబాటు ఉన్నవారు ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఒక రాత్రి కూర్చుంటే ఏమీ రాకపోవచ్చు. ఒడ్డున చచ్చిపడిన తాబేళ్లే కనిపించవచ్చు, వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోయినవి ఏటా కొట్టుకొస్తాయి. అది కూడా చూడవలసిందే. అటవీశాఖ హ్యాచరీలు, అంటే గుడ్లను కాపాడి పొదిగించే చోట్లు, పెట్టి పిల్లలను సముద్రంలోకి వదిలే సందర్భాలు ఉంటాయి. రాత్రి కాపలా చేయలేనివారికి, చిన్నపిల్లలకు అది మంచిది.

సూర్యగ్రహణం గురించి మనవాళ్లకు చెప్పడం కష్టం, కానీ చెప్పకుండా ఉండలేను. పాక్షిక గ్రహణం మీరు చూసే ఉంటారు. సంపూర్ణ గ్రహణం దానికి కొంచెం పెద్దది అనుకోకండి, ఆ రెండింటికీ పోలికే లేదు. సూర్యుడు నూటికి తొంభై తొమ్మిది పాళ్లు మూసుకున్నా పగలు పగలుగానే ఉంటుంది. ఆ చివరి పాలు మూసుకున్న క్షణంలో ఆకాశం మారిపోతుంది.

1980 ఫిబ్రవరి 16న చంద్రుడి నీడ హుబ్బళ్లి, రాయచూరుల మీదుగా తెలంగాణ దాటి కోణార్క్ వైపు సాగింది. హైదరాబాదుకు దగ్గరలో జపాల్-రంగాపూర్ వేధశాల ఆ దారిలోనే ఉండటంతో, కాలేజీలో చదువుకుంటున్న మేము కొందరం అటు వెళ్లాము. దారిలో ఊళ్లన్నీ తలుపులు వేసుకుని ఉన్నాయి. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ రంగు పాలిపోయింది, చెట్టు కింద నీడల అంచులు కత్తితో కోసినట్టు పదునెక్కాయి, కాకులు గూళ్లకు మళ్లాయి. పడమటి నుంచి చీకటి నేల మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. సూర్యుడు ఉండవలసిన చోట నల్లటి చుక్క, చుట్టూ తెల్లటి కాంతిపోగులు. రెండు నిమిషాల పైచిలుకు అంతే. పక్కనున్న మా లెక్చరరు ఏడుస్తున్నారు, ఆయన కన్నీళ్లు తుడుచుకోలేదు. సూర్యచంద్రుల లెక్కలు నాకు అంతకు ముందే వచ్చు. పైన జరుగుతున్నది నిజంగా జరుగుతున్నదేనని, మనం నిలబడి ఉన్నది ఒక తిరుగుతున్న బంతి మీదేనని ఒళ్లు నమ్మింది మాత్రం అప్పుడే.

మన తెలుగు నేలకు ఈ విషయంలో చరిత్ర కూడా ఉంది. 1868 ఆగస్టు 18న ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో ఉండి సంపూర్ణ గ్రహణాన్ని పరిశీలించాడు. ఆ గ్రహణ పరిశీలనలే హీలియం అనే మూలకం కనుగొనడానికి దారితీశాయి. ఇప్పుడు మీకు ఉపయోగపడే తేదీలు రెండు చెబుతాను. 2027 ఆగస్టు 2న ఈజిప్టులోని లగ్జర్ ప్రాంతంలో ఆరు నిమిషాలకు పైగా సంపూర్ణ గ్రహణం ఉంటుంది, ఇంత దీర్ఘమైనది చాలా అరుదు. అంత ఖర్చు వద్దనుకుంటే 2034 మార్చి 20న నీడ మన దేశంలోనే కార్గిల్ ప్రాంతం మీదుగా వెళుతుంది. ఇప్పటి నుంచి నెలకు కొంత పక్కన పెడితే ఆ ప్రయాణం మీకు భారం కాదు. పాక్షిక దశలో ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణం కళ్లజోడు లేకుండా సూర్యుడి వైపు చూడకండి. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజు, పళ్లెంలో పసుపునీళ్లు ఏవీ కంటిని కాపాడవు. పూర్తిగా మూసుకున్న ఆ కొద్ది నిమిషాలు మాత్రమే మామూలు కళ్లతో చూడవచ్చు. ఇంట్లో పెద్దలు వద్దంటే వాదించకండి. పట్టుస్నానం, విడుపుస్నానం చేస్తూనే గ్రహణం చూసిన శ్రోత్రియులు నాకు తెలుసు.

ప్రభల తీర్థం మీకు కొత్త కాదు, అందుకే క్లుప్తంగా చెబుతాను. కనుమనాడు జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద, అంటే వెదురుతో కట్టి రంగుబట్టలతో అలంకరించి భుజాల మీద మోసే ఎత్తైన చట్రాల మీద, వస్తారు. అక్కడ గుడి లేదు, ఉన్నది కొబ్బరితోట మాత్రమే. చిన్నప్పుడు మీరు జీళ్ల కొట్ల దగ్గర, రంగులరాట్నం దగ్గర నిలబడి చూసి ఉంటారు. ఈసారి పొద్దున్నే గంగలకుర్రుకో, గంగలకుర్రు అగ్రహారానికో వెళ్లి, ప్రభ కదిలిన దగ్గర నుంచి దాని వెంట నడవండి. పచ్చటి వరిచేల మధ్య నుంచి ప్రభను మోసుకువెళుతుంటే, తొక్కుడుపడిన ఆ చేను రైతు బాధపడడు, దేవుడు తన చేలో అడుగుపెట్టాడంటాడు. ఆపై కౌశిక పాయ. భుజాల మీద అంత ఎత్తు ప్రభతో మొలలోతు నీళ్లలోకి దిగి, “హరహర మహాదేవ” అంటూ అడుగు తడబడకుండా అవతలికి చేర్చాలి. ముందు మోసేవాడికి వెనుకవాడు కనిపించడు, కేకను బట్టే అడుగు. వీలైతే ఊరి పెద్దలను అడిగి కాసేపైనా భుజం ఇవ్వండి. ఒంటరిగా గదిలో కంప్యూటరు ముందు పనిచేసే మీ వంటివారికి ఇది ఎక్కువ అవసరమని నా నమ్మకం.

ఇంకొకటి ఉంది, దాన్ని వెతుక్కుని వెళ్లకూడదు, వచ్చినప్పుడు తప్పించుకోనూ కూడదు. ఇంట్లో పెద్దవారు ఆఖరి రోజుల్లో ఉన్నారని ఫోను వస్తే, అంతా అయ్యాక కాకుండా ముందే బయలుదేరండి. మంచం పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, తులసి తీర్థం పోసి, ఊపిరి నెమ్మదించడం చూడటం భయంకరంగా ఉంటుందని అనుకుంటారు. మా నాన్నగారి దగ్గర కూర్చున్న ఆ రెండు రాత్రులు నాకు మరణం మీద ఉన్న భయాన్ని చాలావరకు తీసివేశాయి. ఇంతకంటే దీన్ని గురించి రాయలేను.

కొన్ని హెచ్చరికలు. ఇవన్నీ రెండేళ్లలో ముగించాలని పరుగుపెట్టకండి. ఏడాదికి ఒకటి చాలు, మిగతా ఏడాదంతా అది లోపల పనిచేయాలి. చూసిన మొదటి గంట ఫోటో తీయకండి. చూసి వచ్చిన వెంటనే జీవితం మారిపోయిందని ఉద్యోగం మానేయడం వంటి నిర్ణయాలు తీసుకోకండి. కొందరికి ఏ మార్పూ కనిపించదు, అందులో తప్పు ఏమీ లేదు. నాకు తెలిసిన చాలామందిలో అది రెండు మూడేళ్లకు, ఏదో ఒక గడ్డు సమయంలో బయటపడింది.

ఇక మీ అమ్మగారు. బ్రహ్మగిరి మెట్లు వద్దు, కానీ కింద త్ర్యంబకేశ్వరం ఊళ్లోనే ఉన్న కుశావర్త తీర్థం దగ్గర ఆమె స్నానం చేస్తూ ఉండగా మీరు కొండ ఎక్కి రావచ్చు. జగ్గన్నతోటలో తొక్కిసలాట ఆమెకు పనికిరాదు, ప్రభ బయలుదేరే ఊళ్లో ఒక అరుగు మీద కుర్చీ వేయించండి. తాబేలు పిల్లలను వదిలే చోటికి నిశ్చింతగా తీసుకువెళ్లవచ్చు. గ్రహణానికి అసలు నడకే లేదు.

అన్నిటికంటే ముందు ఆమెను అంతర్వేది తీసుకువెళ్లండి. నది ప్రయాణంలో అది చివరి మజిలీయే గాని, ఆమె మోకాళ్లు సహకరిస్తున్నప్పుడే వెళ్లడం ముఖ్యం. మీరు వరుసలో వచ్చినప్పుడు మళ్లీ చూడవచ్చు. భీష్మ ఏకాదశి వేళ జరిగే కల్యాణోత్సవాల రోజులు మానేయండి, ఆ జనంలో ఆమె నిలబడలేరు. మామూలు రోజున తెల్లవారుజామున అమలాపురంలో కారెక్కి, బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటి, రాజోలు మీదుగా వెళితే ఎండ ముదరక ముందే నరసింహస్వామి దర్శనం అవుతుంది. అక్కడి నుంచి అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గరికి వెళ్లండి. వసిష్ఠ నీటి రంగు, సముద్రపు నీటి రంగు వేరువేరుగా కనిపిస్తూ కలుస్తాయి. ఆ నీళ్లలోకి మాత్రం దిగకండి, సంగమం దగ్గర లోపలి లాగుడు ఈత వచ్చినవారినీ ఆగనివ్వదు. ముందురోజే అక్కడి పడవవాళ్లకు ఫోను చేసి పోటు, పాటు వేళలు కనుక్కోండి. పాటు సమయంలో తడి ఇసుక గట్టిపడి ఉంటుంది కనుక అమ్మగారికి నడక తేలిక. తిరుగు ప్రయాణంలో సఖినేటిపల్లి రేవు దగ్గర ఆగి, కారుతో సహా నది దాటించే పంటు ఎక్కి నరసాపురం వెళ్లి రండి. పంటు మీద ఆమెకు ఒక కుర్చీ అడిగితే కాదనరు.